బొమ్మ కన్నులకు చూపు

ముఖము చూచి మాటలాడుట యని లోకమున వాడుక. నిజమునకు మనము చూచునది ముఖమును గాదు, ముఖమునందలి చూపును. ఎదుటివారి చూపు మనమీద నిలిచినచో మాట చెవి కెక్కును. అది గోడమీదనో గడియారముమీదనో యున్నచో ఎంత తియ్యని మాటయైనను మనస్సున నాటదు. అందువలననే మన భాషలో చూపునుబట్టి పుట్టిన మాటలు కొల్లలుగా నున్నవి. చిన్నచూపు, చల్లని చూపు, ఓరచూపు, కడకంటిచూపు, దొంగచూపు, పెండ్లిచూపులు - ఇవి కన్నుల రంగును గాని ఆకారమును గాని తెలుపునవి కావు. కన్ను ఎటు తిరిగినదో, ఎట్లు నిలిచినదో తెలుపునవి. పుట్టిన రెండు మొదలు ఐదు దినముల శిశువులకు సయితము ఈ భేదము తెలియునని 2002వ సంవత్సరమున తెరేసా ఫరోనీ మొదలగు పండితులు పరీక్షించి ప్రకటించిరి. తమవంక చూచు ముఖమును, ప్రక్కకు చూచు ముఖమును ఎదుట నుంచగా ఆ పసికందులు తమవంక చూచుదానినే హెచ్చుసేపు చూచిరట.

మనుష్యునకు చూపు పుట్టుకతో వచ్చును. బొమ్మకు మాత్రము దానిని చేసినవారే చూపు నియ్యవలెను. దేవతావిగ్రహమునకు అవయవములన్నియు తీర్చిన పిమ్మట, ప్రతిష్ఠాసమయమున నేత్రోన్మీలనమను తంతును వేరుగా జరుపుట మన యాచారము. తోలుబొమ్మలు చాలవరకు ప్రక్కమొగముతో నుండును గనుక, వాని చూపు మార్పవలెనన్న బొమ్మనే త్రిప్పవలసి యుండును. ఇప్పుడు కంప్యూటరులో చేయు బొమ్మలకు కనుగ్రుడ్డును వేరుగా, రెప్పను వేరుగా, మెడను వేరుగా కదల్పవచ్చును. స్వాతంత్ర్యము పెరిగినకొలది కష్టమును పెరిగినది. ఆ కష్టమును మేము మా యింటనే చూచుచున్నాము గనుక, మా సోదరీమణులకు దానినిగూర్చి నాలుగు మాటలు చెప్ప నెంచితిమి.

మా యూరు నడిగూడెము. సూర్యాపేట జిల్లాలో కోదాడకు సమీపమున నున్నది. పూర్వము నిజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండి, కృష్ణాజిల్లాకు చెందియుండిన మునగాల పరగణాలోనిది. ఆ జమీందారులగు రాజా నాయని వేంకటరంగారావుగారి కోట ఇచ్చటనే కలదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు వారికి దివానుగా నుండిరి. 1921లో బెజవాడయందు గాంధీమహాత్మునకు జాతీయపతాకపు నమూనాను సమర్పించిన పింగళి వెంకయ్యగారు అంతకు పూర్వము ఈ యూరనే నివసించి ప్రత్తి సేద్యమునందు పరిశోధనలు చేసిరి. వారికి పత్తి వెంకయ్య యను పేరు ఆ కృషివలననే వచ్చినది.

ఇట్టి యూరిలో మా అక్కగారి కొమార్తె మా యొద్ద నుండి బొమ్మల పని చేయుచున్నది. హైదరాబాదులో ఈ విద్య నేర్చుకొనినది. పట్టణములోని యొక సంస్థవారు బొమ్మలను, కథను పంపుదురు. ఈమె వానికి కదలిక కల్పించి తిరిగి పంపును. తన సొంత పనికి బ్లెండరు అను సాధనమును వాడును. అది 2002వ సంవత్సరము నుండి లోకమున కెల్ల ఉచితముగా దొరకుచున్నది.

ఈ విద్య నెరుగనివారికొరకు ఒక్కమాట చెప్పవలెను. ఈ బొమ్మ తెరమీద కనబడినను దానికి నిడివియు, వెడల్పును, లోతును మూడును గలవు. ముందుగా మైనపు ముద్దను నొక్కినట్లు ఆకారమును దిద్దుదురు. పిదప మేనికి రంగును, కోకకు నేతయు అమర్తురు. లోపల ఎముకలవంటి కీళ్లుంచి కాలుసేతులను కదలింతురు. ఒక దీపమును, ఒక కెమెరాను ఆ బొమ్మలోకముననే నిలుపుదురు. అప్పుడు యంత్రము దీపపు వెలుగు బొమ్మమీద ఎట్లు పడునో లెక్కగట్టి చిత్రమును సిద్ధము చేయును. దీనినే రెండరింగు అందురు. ఒక్కొక్క చిత్రమునకు నిముషములు, ఒక్కొక్కప్పుడు గంటలు పట్టును. కదలు బొమ్మకు సెకనునకు 24 చిత్రములు కావలెను. ఇంత ప్రయాసపడిన పిమ్మట చూపు తప్పినచో అంతయు బూడిదలో పోసిన పన్నీరే.

వెంకయ్యగారి వృత్తాంతము చదివిన యుత్సాహముతో ఈ పిల్ల ఒకమారు చిన్న చిత్రమును చేయ బూనెను. పూర్వకాలపు రైతొకడు ప్రత్తిచేనిలో నిలిచి, పగిలిన కాయను చేతబట్టి పరిశీలించుచుండును. చిత్రమున అంతకుమించి యేమియు లేదు. తలపాగ కుదిరినది, చేను కుదిరినది, దూది సయితము ముట్టుకొనవలె ననునట్లుండెను. మా పొలము పని చూచు వృద్ధుడు దానిని చూచి, "ఈయన కాయను చూస్తలేడమ్మా, వానమబ్బును చూస్తున్నడు" అనెను. మాకును అట్లే తోచినది గాని కారణము తెలియలేదు. తల వంగియున్నది, కనుపాపలు క్రిందికే యున్నవి, అయినను చూపు కాయను దాటి యెచ్చటనో పోవుచున్నది.

కారణము తరువాత దొరకినది. దూరమును చూచునప్పుడు మన రెండు కన్నులు ఒకదాని కొకటి సమాంతరముగా నుండును. దగ్గరి వస్తువును చూచునప్పుడు రెండును ముక్కువైపునకు కొంచెము తిరుగును. పెద్దవారి కనుపాపల నడుమ దూరము రమారమి 63 మిల్లీమీటర్లు. అడుగు దూరములోని కాయను చూడ ఒక్కొక్క కన్ను సుమారు 6 డిగ్రీలు లోనికి తిరుగవలెను. ఇరువది యడుగుల దూరములోని దానిని చూడ డిగ్రీలో మూడవవంతు చాలును. ఈ పిల్ల రైతునకు రెండు కన్నులను ఒకే తీరున త్రిప్పెను. కావున అవి సమాంతరముగా నిలిచి దిక్కులు చూచినవి. మన యింట ఎవరైనను సూదిలో దారము గ్రుచ్చునప్పుడు వారి కన్నుల నొకమారు పరికించి చూడుడు. పిదప వారినే వాకిట నిలిచి వీథిచివర చూడుమనుడు. ఆ భేదము మీకే తెలియును.

దీనికి చేయు చికిత్స యేమనగా, బొమ్మలోకమున కంటికి కనబడని చిన్న గుఱుతు నొకదానిని ఉంచి, రెండు కన్నులను దానికి కట్టివేయుదురు. గుఱుతు ఎటు పోయిన కన్నులు అటు తిరుగును. ఈ పిల్ల ఆ గుఱుతును తీసికొనిపోయి ప్రత్తికాయలో నుంచెను. కాయను చేతిలో త్రిప్పినకొలది రైతు చూపు దానివెంటనే తిరుగుట మొదలిడెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యిప్పుడు రైతు ముఖమున భయము కనబడెను!

ఈసారి తప్పు రెప్పలది. మనము క్రిందికి చూచునప్పుడు పై రెప్పయు కన్నుతోడనే దిగును. పైకి చూచునప్పుడు కన్నుతోడనే లేచును. నిమ్మళముగా నున్న ముఖమున పై రెప్ప నల్లగ్రుడ్డు అంచును కొంచెము కప్పియుండును. నల్లగ్రుడ్డునకు పైన తెలుపు కనబడెనా, అది బెదిరిన ముఖము. రైతు కన్నులు దిగినవి, రెప్పలు దిగలేదు. అందుచే దయ్యమును చూచినట్లుండెను. మన కంటి తెలుపు చిన్న విషయము కాదు. జపానుదేశపు పండితులగు కోబయాషీ, కోషిమా గారలు 1997లో కోతిజాతుల కన్నులతో మన కన్నులను పోల్చి, మన కన్నులలో తెల్లనిభాగము మిక్కిలి విశాలముగా కనబడుననియు, అందుచే ఎటు చూచుచున్నామో ఎదుటివారికి సులభముగా తెలియుననియు వ్రాసిరి. దాచుకొనుటకు కాదు, తెలుపుటకే మనకీ కన్ను లబ్బినవి కాబోలు.

తరువాత తలయు కన్నును ఒక్కసారి తిరుగుట యను దోషము బయలుపడెను. మనలను ఎవరైన పిలిచినప్పుడు ముందు కన్ను తిరుగును. రెప్పపాటులో తల దానిని అనుసరించును. కొద్దిపాటి దూరమునకు కన్నొక్కటే చాలును. రమారమి 20 డిగ్రీలు మించెనా, తలయు రావలెను. తల కదలక కన్నుమాత్రమే కడకు పోయినచో అది దొంగచూపు. తల పూర్తిగా తిరిగి కన్ను నడుమనే యున్నచో అది కొయ్యబొమ్మ. ఇంతియ కాదు, బ్రతికియున్న కన్ను ఒకచోట జారుచు పోదు. ఒకచోట క్షణకాలము నిలిచి, చటుక్కున మరియొకచోటికి గంతువేయును. ముఖముమీద చూచినను ఒక కన్నునుండి మరియొక కంటికి, అచ్చటనుండి పెదవులకు దాటుచుండును. ఈ గంతులు లేని బొమ్మ మనలను చూచినట్లుండదు, మనకొరకు పొంచియున్నట్లుండును. కంటిమీది మెరుపుసంగతియు అట్టిదే. ఆ మెరుపు దీపమునుబట్టి నిలుచునది. దానిని నల్లగ్రుడ్డుమీద రంగుచుక్కగా నతికించినచో కన్నుతోబాటు తిరిగి గాజుగోలివలె కనబడును.

బొమ్మ మనిషిని కొంత పోలినచో ముచ్చటయగుననియు, మిక్కిలి పోలి ఒక్క పిసరు తప్పినచో జుగుప్స కలుగుననియు జపానుదేశపు మోరీ మసహిరోగారు 1970లోనే వ్రాసిరి. 2004లో అమెరికాలో వెలువడిన పోలార్ ఎక్స్‌ప్రెస్ అను చిత్రమందలి మనుష్యుల కన్నులలో జీవము లేదని విమర్శకులు పలికిరి. మన తెలుగువారి ఈగ చిత్రమున 2012లో దీనికి వేరుదారి కనబడినది. హైదరాబాదులోని మకుట సంస్థవారు చేసిన ఆ ఈగకు త్రిప్పుటకు కనుపాపలే లేవు. అయినను తల ఎటు త్రిప్పెనో, చేతులెట్లు కదల్చెనో దానినిబట్టి అది ఎవరిని చూచుచున్నదో పసిపిల్లలు సయితము గ్రహించిరి. ఆ పనికి జాతీయ బహుమానము లభించినది. చూపు కంటిలో మాత్రమే లేదని దీనివలన తెలియుచున్నది.

ఈ మాటను రెండువందల యేండ్లకు పూర్వమే ఇంగ్లండులో విలియం హైడ్ వోలాస్టన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. 1824లో ప్రకటించిన వ్యాసమున, ఒకే జత కన్నులను చిత్రించి, వాని క్రింద ముక్కును ముఖమును మాత్రము మార్చగా, ఆ కన్నులే వేరువేరు దిక్కులకు చూచునట్లు కనబడుటను ఆయన నిరూపించెను. గోడమీది పటములోని మనిషి మనమెటు పోయిన మనలనే చూచునట్లుండుటకును ఆయన కారణము విచారించెను. పటము చదునైనది, కెమెరాను సూటిగా చూచిన కన్ను ప్రక్కనుండి చూచినను సూటిగానే యుండును. కావున అట్టి పటము అందరిని చూచును. అందరిని చూచునది ఒక్కరిని చూచినట్లగునా? ఈ ప్రశ్న మా యింటనే వచ్చినది.

ప్రత్తిచేని చిత్రమును చూచిన పిమ్మట మా అమ్మగారు మనుమరాలిని పిలిచి, "మీ తాతను చేస్తవా బిడ్డా?" అని యడిగిరి. మా నాయనగారు గతించి చాలకాలమైనది. వారివి రెండే ఛాయాపటములు గలవు. రెండింటను కెమెరావంకనే చూచుచు బిగిసి కూర్చున్నారు. మా అక్కగారికి ఈ పని ఇష్టము లేకపోయెను. పోయినవారిని కదిలించి ముసలియామె మనస్సును కలచనేల యని ఆమె వాదము. అది కొట్టివేయదగిన మాట కాదు. మేమును కొంత జంకితిమి. కాని అడిగినది మా అమ్మగారు. ఆమె మాటను కాదనుటకు మనమెవరమని తుదకు అందరమును ఊరకుంటిమి.

రెండు నెలల రాత్రులు శ్రమించి పిల్ల తాతగారి ముఖమును దిద్దెను. మీసము, నుదుటి ముడుతలు, చెవిప్రక్క మచ్చ సయితము వచ్చినవి. కన్నులను సూటిగా చూచువారివైపు నిలిపెను. రెప్పలు, మెరుపు, గంతులు అన్నియు శాస్త్రప్రకార మున్నవి. అమ్మగారు చాలసేపు చూచి, "మొకం మీ తాతదే. చూపు మీ తాతది గాదు. ఆయన నన్నెన్నడు ఇట్ల చూడలే" అనిరి.

మరి యెట్లు చూచెడివారని పిల్ల యడిగెను. అమ్మగారు చెప్పిన మాటలను మేమును అప్పుడే వింటిమి. రాత్రి భోజనమైన పిదప నాయనగారు అరుగుమీద కూర్చుండి తమలపాకు ఈనెలు తీయుచు, సున్నము రాయుచు ఉండెడివారట. లోపలినుండి ఆమె వచ్చిన అలికిడి విని, ఆకుమీదనే చూపుంచి, "తిన్నవా?" అని యడిగెడివారట. ఆమె "ఆఁ" అన్న పిదప ఒక్కసారి కన్నెత్తి చూచి, మరల ఆకులోనికి దించుకొనెడివారట. "ఆ ఒక్కసారే" అని ఆమె యూరకుండిరి.

పిల్ల మొదటినుండి పని ప్రారంభించెను. గుఱుతును తమలపాకులో నుంచెను. తల వంచి, రెప్పలు దించి, కన్నులను లోనికి త్రిప్పెను. పిదప కన్నులు ముందు లేచునట్లు, తల కొంచెమే లేచునట్లు, చూపు ఒక్క క్షణము నిలిచి మరల ఆకులోనికి దిగునట్లు అమర్చెను. అంతయు కలిసి పది సెకనులు. మా అమ్మగారు దానిని రెండుమారులు చూచిరి. ఏమియు ననలేదు. "ఇగ చాలు బిడ్డా, దాచిపెట్టు" అనిరి. అప్పటినుండి దానిని ఏటేట నాయనగారి తిథినాడు మాత్రమే అడిగి చూచుచున్నారు. మా అక్కగారును ఇప్పుడు కాదనుట లేదు. సూటిచూపే నిజమైన చూపని శాస్త్రము నేర్చినవారు తలచెదరు. ఒక్కొక్క యింట చూపు నిలుచు చోటు వేరు. తెలిసినవారి నడిగినగాని అది తెలియదు.

మరియొక సంగతి స్త్రీలమగు మనకు ముఖ్యమైనది. ఈ విద్యలో సిద్ధముగా చేసి అమ్ము స్త్రీబొమ్మలు పెక్కు గలవు. వానిలో అనేకములకు రెప్పలు సగము వాలి, కన్నులు ప్రక్కకు తిరిగి యుండును. పంపిన కథలలో పురుషుడు మాటలాడినంతసేపు స్త్రీ నేల చూచుచుండవలెనని ఒకమారు సూచన వచ్చెను. అప్పుడు ఈ పిల్ల మమ్ము చూచి, "గుఱుతును నేలమీద ఎచ్చట పెట్టుదును చిన్నమ్మా? అచ్చట ఆమె చూచుట కేమున్నది?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోతిమి. చూపునకు వస్తువుండవలెను. వస్తువు లేనిచో అది సిగ్గు కాదు, శూన్యము.

మన పెద్దలు చూపును ఇంత యిరుకుగా తలచలేదు. అభినయదర్పణమున సమము, ఆలోకితము, సాచి, ప్రలోకితము, నిమీలితము, ఉల్లోకితము, అనువృత్తము, అవలోకితము అని ఎనిమిది దృష్టులు చెప్పబడినవి. నాట్యశాస్త్రము ముప్పదియారింటిని పేర్కొనినది. క్రిందికి చూచుట ఆ యెనిమిదింటిలో నొకటియే. లక్ష్మణరావుగారి అక్కగారగు భండారు అచ్చమాంబగారు తమ్ముడు చదువుకొనుచుండగా తానును చదువు నేర్చి, అబలాసచ్చరిత్ర రత్నమాల యను స్త్రీల చరిత్రములను వ్రాసిరి. ఆమె చూపు నేలమీద గాక పుస్తకముమీద నిలిచినందుననే గదా మనకా గ్రంథము లభించినది.

గడచిన మాఘమాసమున ఈ పిల్లకు పెండ్లిచూపులు జరిగినవి. చుట్టములలో పెద్దలు తల యెత్తవద్దని హెచ్చరించిరి. ఆమె మా యొద్దకు వచ్చి యెటు చూడవలెనని యడిగినది. ఎవరు మాటలాడిన వారివంక చూడుము, నీ బొమ్మలకు నీవు నేర్పునది అదియే గదా యంటిమి. ఆమె అట్లే చేసెను. తానుగా ఒక్క ప్రశ్న వేసెను: "పెండ్లియైన పిదప నా పనిని సాగనిత్తురా?" అని. వరుడు ప్రత్యుత్తర మిచ్చుటకు ముందు తన తల్లివంక చూచెను. జవాబు ఆ చూపులోనే యుండెను. ఆ సంబంధము కుదరలేదు. పిల్ల గడుసుదని నలుగురు నాలుగు మాట లనిరి. వరుడు చెడ్డవాడని మేమనము. అతని చూపునకు ఆధారము వేరొకచోట నున్నది, అంతే. ఆ సంగతి పెండ్లికి ముందు తెలియుట ఇరువురకును మేలే.

సోదరీమణులారా! మీ బిడ్డలలో ఎవరైన ఈ విద్య నభ్యసింప గోరినచో ఇది ఆటయని త్రోసివేయకుడు. దీనికి చిత్రలేఖనమును, గణితమును, ఓర్పును మూడును కావలెను. వీనికంటె ముందు మనుష్యులను పరికించి చూచు నలవాటు కావలెను. వంటయింట కూర తరుగు చేతిని, చంటిబిడ్డను చూచు తల్లిని, బియ్యము లోని రాళ్లేరు అవ్వను చూచి నేర్చుకొనుమనుడు. ఇంతకంటె మంచి పాఠశాల మరెచ్చటను లేదు. అట్లే వారి కన్నులను గూడ కనిపెట్టియుండుడు. తెరను తదేకముగా చూచువారు రెప్పవేయుట తగ్గి కన్నులు పొడియారును. ఇరువది నిముషముల కొకమారు తలయెత్తి, ఇరువది యడుగుల దూరమున నున్న దానిని ఇరువది సెకనులు చూడవలెనని వైద్యులు చెప్పుదురు. పెరటిలోని వేపచెట్టు అందుకు చాలును. రాత్రి చీకటిగదిలో కాక దీపపు వెలుగున పని చేయుట మేలు.

తుదిగా, ఆడపిల్ల కన్నెత్తి చూచినంతమాత్రమున వినయము పోదు. పెద్దలు మాటలాడునప్పుడు వారివంక చూచి వినుటయే గౌరవము. ఎదుటివారి మాటపై శ్రద్ధ గలదని తెలుపుటకు కన్నులకంటె మంచి సాధనము మనకు లేదు. బొమ్మలకు చూపు నేర్పుటకు రాత్రులు మేల్కొను ఈ కాలమున, మన పిల్లల చూపును మాత్రము నేలకు కట్టివేయక, చూడదగినదానిని చూచి నిలువనేర్చునట్లు పెంచుదుముగాక.